పోగు కథ – 17వ భాగం: మెలికకు సుంకం

పోయిన భాగంలో జెడెడియా స్ట్రట్ దగ్గర ఆగాం. ఇంగ్లండులోని డెర్బీలో మేజోళ్లు అల్లే మగ్గానికి అదనంగా ఒక సూదుల వరస తగిలించి, నిలువు చాళ్ల అల్లిక తీసి, 1758లో ఒకటి, 1759లో ఒకటి పేటెంట్లు సంపాదించిన మనిషి. ‘డెర్బీ రిబ్’ మేజోడు లాగితే సాగేది, వదిలితే కాలిని పట్టుకునేది. పోటీ వ్యాపారులు కోర్టుకెక్కారు. స్ట్రట్ నెగ్గాడు. ఆ మేజోళ్ల మీద వచ్చిన డబ్బులో కొంత తర్వాత రిచర్డ్ ఆర్క్‌రైట్ నూలు మిల్లుకు పెట్టుబడిగా పోయింది.

స్ట్రట్ మేజోడులో సాగింది అల్లిక. పోగు మామూలు పోగే. ఇంకో రెండు వందల ఏళ్లు కావస్తుండగా పోగుకే సాగే గుణం నేర్పారు. ఆ నేర్పు ఎవరిదన్న తగవు అమెరికాలో డజన్ల కొద్దీ మిల్లుల్ని కోర్టుకీడ్చి, 1980ల దాకా నలిగింది. ఈసారి కథ అదే.

ముందు మన పక్క చూద్దాం. పుత్తూరు, నారాయణవనం, ఏకాంబరకుప్పం, నగరి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, నగరి చిత్తూరు జిల్లాలో ఉండిపోయింది. మరమగ్గాల చప్పుడుకు ఆ గీత తెలియదు. ఒకప్పుడు ఈ షెడ్లలో పత్తి నూలుదే రాజ్యం. ఇప్పుడు చాలాచోట్ల అట్టపెట్టెల్లో తెల్లగా మెరిసే పాలిస్టర్ కోన్లు దిగుతాయి. పెట్టె మీద 150/48 అనో, 80/34 అనో అంకెలుంటాయి. మొదటి అంకె డీనియరు, అంటే 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. రెండోది ఆ పోగులో ఎన్ని సన్నని తీగలున్నాయన్నది. నేతగాళ్లకిది ఉగ్గుపాలతో వచ్చిన లెక్క. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

ఆ కోనులోంచి మూరెడు పోగు తెంపి వెలుతురుకు పెట్టి చూడండి. చేతులతో గట్టిగా లాగినప్పుడు నున్నగా, తిన్నగా, గాజుతీగలా ఉంటుంది. పట్టు వదలగానే ముడుచుకుంటుంది. తీగలన్నీ విడివిడిగా వంకర్లు తిరిగి, పోగు బొద్దుగా ఉబ్బుతుంది. మూరెడు కాస్తా జానెడు మీద నాలుగు వేళ్లకు దిగుతుంది. మిల్లులో పుట్టినప్పుడు ఆ పోగుకు ఈ వంకర్లు లేవు. తర్వాత ఎవరో పెట్టారు. అలా వంకర్లు పెట్టే పద్ధతికే పేటెంట్లు, దావాలు, అప్పీళ్లు.

పద్ధతి మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలిసిందే. తలంటుకున్న రాత్రి తడి జుట్టును బిగించి జడేసుకుని, పొద్దున విప్పితే కురులు వంకీలు తిరిగి ఉంటాయి. పోగుకూ అంతే: బిగించి మెలిపెట్టు, వేడి చెయ్యి, చల్లార్చు, మెలిక విప్పు. మెలిక పోతుంది, వంకర మిగులుతుంది. పత్తితో ఈ పని కాదు. నైలాన్, పాలిస్టర్ వేడికి మెత్తబడి, చల్లారేటప్పుడు ఏ ఆకారంలో ఉన్నాయో దాన్నే పట్టుకుని కూర్చుంటాయి. నైలాన్‌ను డ్యూపాంట్ కంపెనీ 1938లో లోకానికి చూపించింది. పాలిస్టర్ పోగును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ తీశారు. మనవాళ్లు టెర్లిన్ అన్నది దాన్నే. ఈ రెండూ వచ్చాకే సాగే పోగుకు మంచిరోజులు.

అంతకుముందు సాగుడంటే రబ్బరే. అక్కడా తగవులకు లోటు లేదు. లండన్‌లో థామస్ హాంకాక్ 1820లోనే చేతి తొడుగులకీ, బ్రేసులకీ రబ్బరు పట్టీలు పెట్టడం మీద పేటెంటు తీసుకున్నాడు. గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతి ఎవరిదన్న చోట హాంకాక్‌కూ చార్లెస్ గుడ్‌ఇయర్‌కూ చెడింది. ఇంగ్లండులో 1843లో హాంకాక్ ముందుపడ్డాడు, అమెరికాలో 1844లో గుడ్‌ఇయర్ పేటెంటు పొందాడు. 1852లో ట్రెంటన్ కోర్టులో గుడ్‌ఇయర్ తరఫున వాదించింది అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్. మంత్రి పదవిలో ఉండి వకాల్తా పుచ్చుకోవడమేమిటని అడిగేవాళ్లు అప్పుడు తక్కువ. ఎదుటి పక్షం హొరేస్ డే, రబ్బరు పోగులతో సాగే పట్టీలు చేసేవాడు. గుడ్‌ఇయర్ గెలిచాడు, 1860లో అప్పులతో చచ్చిపోయాడు. రబ్బరు కథ ఇంతటితో చాలు, అది వేరే ధారావాహికకు సరిపడా సరుకు.

రబ్బరు లేకుండా సాగే పోగును వ్యాపారంలోకి తెచ్చింది స్విట్జర్లాండ్‌లోని వాట్‌విల్ అనే ఊరి హెబర్లైన్ కంపెనీ. 1930లలో రేయాన్‌తో మొదలుపెట్టి, యుద్ధం తర్వాత నైలాన్‌తో చేశారు. పేరు హెలాంకా. 1950లలో యూరపులో మంచుకొండల మీద జారే ఆటగాళ్ల బిగుతు ప్యాంట్లు ఆ నూలుతోనే పేరుకెక్కాయి. కానీ హెలాంకా నిదానపు పని. ఒక యంత్రం మీద మెలిపెట్టాలి, కండెల్ని తీసుకెళ్లి ఆవిరి పెట్టెలో ఉడికించాలి, తెచ్చి ఇంకో యంత్రం మీద మెలిక విప్పాలి. మూడు చోట్ల మూడు పనులు. నూలు ఖరీదు ఆకాశంలో ఉండేది.

ఈ మూడింటినీ ఒకే పరుగులో కానిచ్చేస్తే? ఇక్కడే అసలు కిటుకు. ఒక దారం రెండు చివర్లూ ఇద్దరు పట్టుకోండి. నడిమధ్యలో పెన్సిలు దూర్చి గిరగిరా తిప్పండి. పెన్సిలుకు ఎడమవైపు ఒక దిక్కు మెలిక పడుతుంది, కుడివైపు దానికి ఎదురు దిక్కు మెలిక. ఇప్పుడు దారం ఆగకుండా ఎడమ నుంచి కుడికి జారిపోతోందనుకోండి. ఎడమవైపు పడిన మెలిక పెన్సిలు దాటగానే ఎదురు మెలిక తగిలి విడిపోతుంది. చివర చేతికొచ్చే దారంలో మెలికే ఉండదు. అందుకే దీన్ని ఉత్తుత్తి మెలిక అనుకుందాం. ఎడమవైపు, మెలిక బిగిసి ఉన్నచోటే, ఒక వేడి పలక తగిలిస్తే పని ముగిసినట్టే. మెలిక పెట్టడం, కాల్చడం, విప్పడం మూడూ ఒక్క గుక్కలో. పెన్సిలు బదులు చిన్న బోలు కదురు. దాని నడుమ అడ్డంగా గట్టి రాయితో చేసిన ఒక పుల్ల. పోగు ఆ పుల్లకు ఒక చుట్టు చుట్టుకుని పోతుంది. అంగుళానికి అరవై, డెబ్బై మెలికలు పడాలంటే ఆ కదురు నిమిషానికి వేలల్లో కాదు, రానురాను లక్షల్లో తిరగవలసి వచ్చింది. పాలిస్టర్‌కు పలక వేడి సుమారు 200 డిగ్రీలు.

వినడానికి ఇంత తేలికగా ఉన్న కిటుకుకు హక్కుదారు ఎవరు? అడిగితే ఒక్కరు కాదు, ఇద్దరు ముగ్గురు చెయ్యెత్తారు.

అమెరికాలో నికొలస్ స్టొడార్డ్, వారెన్ సీమ్ అనే ఇద్దరు ఈ పద్ధతి మీద దరఖాస్తులు పెట్టారు. వాళ్ల నూలు ఫ్లఫ్లాన్ పేరుతో అమ్ముడైంది. 1957 ఆగస్టు 20న ఒకే రోజు వాళ్ల పేటెంట్లు కొన్ని మంజూరయ్యాయి. రోడ్ ఐలండ్ రాష్ట్రపు యంత్రాల కంపెనీ యూనివర్సల్ వైండింగ్ ఈ దారిలో నడిచింది. తర్వాత అది లీసోనాగా పేరు మార్చుకుంది. వాళ్ల యంత్రం మీద తీసిన సాగుడు నూలు పేరు సూపర్‌లాఫ్ట్. మరోవైపు ఫ్రాన్స్‌లో మూలినాజ్ ఎ రెతోర్దరీ ద షావనో అనే నూలు మెలి కంపెనీ ఉంది. పేరు పలకడం కష్టమే, ఇకమీద షావనో అని పిలుద్దాం. వాళ్ల దగ్గర కూడా ఇదే పని మీద పేటెంట్లున్నాయి. వాళ్ల యంత్రాల్ని రోవాన్ ఊరి ఎ.ఆర్.సి.టి. అనే కార్ఖానా చేసేది. అమెరికాలో షావనో తరఫున లైసెన్సులిచ్చి వసూళ్లు చూసే బాధ్యత డీరింగ్ మిలికెన్ పరిశోధన సంస్థది. దక్షిణ కరోలినా మిల్లుల్లో మిలికెన్ పేరు వినని వాళ్లుండరు. అజిలాన్ అని సొంతంగా ఒక సాగుడు నూలు పద్ధతి కూడా ఉండేది వాళ్లకు.

వసూలు ఎలా జరిగేదో కాస్త నిలబడి చూడాలి. కథకు ఆయువుపట్టు అక్కడే ఉంది. నూలును మెలిపెట్టి అమ్మే మిల్లులు వేరుగా ఉంటాయి. నైలానో పాలిస్టరో పెద్ద కంపెనీ దగ్గర కొని, మెలిపెట్టి, అల్లికవాళ్లకు అమ్మడం వీళ్ల బతుకు. ఈ మెలి మిల్లు యజమాని లక్షలు పోసి యంత్రం కొంటాడు. యంత్రం అతనిదే. కానీ ఆ యంత్రాన్ని నడపడం అనే ‘పద్ధతి’ పేటెంటుదారుది. కాబట్టి నడిపినన్నాళ్లూ, నూలు తీసినకొద్దీ రాయల్టీ కట్టాలి. కొన్న గేదెను పితికినప్పుడల్లా అమ్మినవాడికి చెంబెడు పాలు పోయాలన్నమాట.

కుంపిణీ రోజుల్లో మన ఉత్తర ఆర్కాటు, దత్తమండలాల నేతగాళ్లు మగ్గానికింత అని మొతర్ఫా పన్ను కట్టారు. నేసినా కట్టాలి, నేయకున్నా కట్టాలి. దానికంటే ఇది కొంత నయమే, నూలు తీస్తేనే కట్టాలి. అయితే మొతర్ఫా వసూలు చేసింది సర్కారు. ఇక్కడ ఒక కంపెనీ.

1950లు, 60లు ఇలాగే గడిచాయి. గొడవ ముదరడానికి కారణం ఇంకో చిన్న మార్పు. సాగుడు నూలు మేజోళ్లకీ, ఈత దుస్తులకీ బాగుంటుంది. చొక్కాకీ, ప్యాంటుకీ, గౌనుకీ అంత సాగుడు పనికిరాదు. మోకాళ్ల దగ్గర గుడ్డ సాగి వేలాడుతుంది. ఉబ్బు ఉండాలి, సాగుడు తగ్గాలి. దానికి ఉపాయం: మెలిక విడిపోయాక పోగును కొంచెం వదులుగా పోనిచ్చి, రెండో వేడి పలక తగిలించడం. ఉబ్బు నిలుస్తుంది, సాగుడు అణిగిపోతుంది. ఇంగ్లండులోని మాకిల్స్‌ఫీల్డ్‌లో చెస్లీన్ అండ్ క్రేప్స్ అనే చిన్న కంపెనీలో మారియో నావా ఈ రకం పాలిస్టర్ నూలు తీశాడు. దాన్ని ఐ.సి.ఐ. కంపెనీ క్రింప్లీన్ పేరుతో ప్రపంచమంతా తిప్పింది. ఆ కంపెనీ పరిశోధనశాల దగ్గరి క్రింపుల్ లోయ పేరు దానికి కలిసొచ్చింది. అమెరికాలో లీసోనా వాళ్ల ఇలాంటి నూలు పేరు సాబా. స్టొడార్డ్ పేరిట 1963లో సాగుడు నూలును మళ్లీ సంస్కరించే పద్ధతి మీద మరో పేటెంటు వచ్చింది. అప్పటి అమెరికా చట్టంలో పేటెంటు ఆయుష్షు మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు. 1957 నాటివి 1974తో చెల్లిపోతాయి. 1963 నాటిది 1980 దాకా బతుకుతుంది. ఏది విలువైనదో లెక్క వేసుకోండి.

ఇక 1960ల చివర నుంచి అమెరికాలో డబుల్‌నిట్ పిచ్చి పట్టుకుంది. గుండ్రటి అల్లిక యంత్రాల మీద రెండు పొరల పాలిస్టర్ గుడ్డ. ఇస్త్రీ అక్కర్లేదు, నలగదు, ఉతికి తీగ మీద వేస్తే చాలు. మగవాళ్ల సూట్లు, ఆడవాళ్ల గౌన్లు, సోఫా గుడ్డలు అన్నీ అదే. మన సినిమా హీరోల బెల్‌బాటం ప్యాంట్లకూ ఆ గాలి కొంత తగిలింది. కరోలినాల్లో మెలి మిల్లులు రాత్రింబవళ్లు మూడు షిఫ్టులు నడిచాయి. నూలు ఎంత తీస్తే రాయల్టీ అంత. అంత డబ్బు చేతులు మారుతుంటే, అసలు ఈ పేటెంటు చెల్లుతుందా అని అడిగేవాడు పుట్టకుండా ఉంటాడా?

పుట్టాడు, ఒక్కడు కాదు. హక్కుదారుల్లో లెక్స్ టెక్స్ అనే సంస్థ కొన్ని మిల్లుల మీద దావా వేసింది. ఇంకొన్ని మిల్లులు తామే ముందుగా పోయి, పేటెంటు చెల్లదని ప్రకటించమన్నాయి. రాష్ట్రానికో కేసు. ఒకే పేటెంటు మీద ఒక కోర్టు ఒక మాట, ఇంకో కోర్టు ఇంకో మాట అంటే ఎలా? 1972లో ఈ కేసుల్ని మూటగట్టి ఫ్లోరిడా దక్షిణ జిల్లా కోర్టుకు పంపారు. న్యాయగ్రంథాల్లో దీని పేరు ‘నూలు తయారీ పేటెంట్ల చెల్లుబాటు వ్యాజ్యం’. మయామీ సముద్రపు ఒడ్డున, ఎండలో తిరిగే జనం మధ్య, ఉన్నిలా ఉబ్బిన పాలిస్టర్ పోగు మీద లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

అక్కడ తేలవలసిన ప్రశ్నల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. అమెరికా చట్టం ప్రకారం ఆవిష్కర్త తన పద్ధతిని బహిరంగంగా వాడుకలో పెట్టాక, లేదా అమ్మకానికి పెట్టాక, ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాది దాటితే హక్కు పోయినట్టే. కానీ పరీక్షించి చూసుకోవడానికి వాడితే అది లెక్కలోకి రాదు. సరే, ఒక యంత్రాన్ని ఖాతాదారు మిల్లులో పెట్టి, నూలు తీసి, ఆ నూలును అమ్మి, లాభం కూడా చూసుకుంటే అది పరీక్షా, వ్యాపారమా? పేటెంటుదారు పరీక్షే అన్నాడు. మిల్లులవాళ్లు వ్యాపారమే అన్నారు. 1974లో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు ఈ విషయంలో హక్కుదారుకు ఎదురు తిరిగింది. సుప్రీంకోర్టు ఆ అప్పీలును విచారణకు తీసుకోలేదు. ఎవరు కనిపెట్టారు, ఎంత తెలివైన పద్ధతి అన్న మాటే రాకుండా, తారీఖుల మీద ఒక పేటెంటు కుప్పకూలింది. కొత్త యంత్రం చేసి, పక్క ఊరి షెడ్డులో నాలుగు నెలలు నడిపి చూసి, ఆపైన పేటెంటు సంగతి చూద్దాంలే అనుకునే మన మెకానిక్కులు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. మన దేశంలో ఆ ఏడాది వెసులుబాటు కూడా ఇంత ధారాళంగా లేదు.

రెండో ప్రశ్న డబ్బుది. మిల్లు కట్టే రాయల్టీలో యంత్రం చేసిన కంపెనీకీ వాటా పంచే ఏర్పాటు ఒకటి ఉండేది. అంటే యంత్రాలు చేసేవాళ్లలో ఎవరికీ రాయల్టీ తగ్గాలన్న కోరిక ఉండదు, పోటీ పడి తగ్గించే అవసరమూ ఉండదు. ఇది ధరల కుమ్మక్కే కదా అన్న వాదన 1976లో అదే అప్పీలు కోర్టులో నిలబడింది.

ఫ్లోరిడాలో ఇది సాగుతుండగానే దక్షిణ కరోలినాలో ఇంకో పెద్ద రణం. డ్యూప్లాన్ కార్పొరేషన్ అనే మెలి కంపెనీ, తోడుగా మరికొన్ని మిల్లులు ఒక పక్క. షావనో, డీరింగ్ మిలికెన్ ఇంకో పక్క. మిల్లుల ఆరోపణ విచిత్రమైనది. షావనో పక్షానికీ లీసోనాకూ 1960లలో ఇవే పేటెంట్ల మీద తగవు నడిచింది. ఒకరి పేటెంటు చెల్లదని ఒకరు అన్నారు. గట్టిగా పోరాడుంటే ఇద్దరి పేటెంట్ల డొల్లతనమూ బయటపడి ఉండేదేమో. మధ్యలో ఇద్దరూ రాజీ పడ్డారు. దావాలు వదిలేసుకున్నారు, రాయల్టీల సంగతి మాట్లాడుకున్నారు. ఆ రాజీయే నేరమన్నారు మిల్లులవాళ్లు.

పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందంటారు మనవాళ్లు. ఇక్కడ పోరాడుకున్నవి రెండు పిల్లులు. అవి రాజీ పడితే పిట్టల గతేమిటన్నది కేసు.

రాజీ వెనుక ఏం మాట్లాడుకున్నారో తెలియాలంటే పాత లాయర్ల కాగితాలు చూడాలి. మిల్లులవాళ్లు వాటిని బయటపెట్టమన్నారు. పాత కేసు ముగిసిపోయింది కదా, ఇక దాపరికమెందుకన్నది వాళ్ల మాట. ఈ ఒక్క ముక్క మీదే నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు 1973లో ఒకసారి, 1974లో ఒకసారి తీర్పు చెప్పవలసి వచ్చింది. లాయరు తన కక్షిదారు కోసం సిద్ధం చేసుకున్న కాగితాలకు ఉన్న రక్షణ కేసు ముగిసినా పోదు. అతని మనసులోని అంచనాలూ, ఎత్తుగడలూ రాసుకున్నవైతే అసలే బయటపెట్టనక్కర్లేదు. అమెరికా న్యాయ విద్యార్థులు ఈ తీర్పుల్ని ఇప్పటికీ చదువుతారు. అది సాగే నూలు మీద వచ్చిన తగవని వాళ్లలో ఎంతమంది గమనిస్తారో గాని, డ్యూప్లాన్ పేరు మాత్రం నూలు వల్ల కాదు, ఈ కాగితాల వల్ల బతికింది.

1977లో కింది కోర్టు ఆ రాజీ పోటీని చంపే కుమ్మక్కేనని తేల్చింది. 1979లో అప్పీలు కోర్టు అసలు విషయంలో దాన్ని నిలబెట్టింది. తగవు తీరితే ఊరికి మేలనుకునే మన పంచాయతీ బుద్ధికి ఇది మింగుడుపడదు. కానీ నా మట్టుకు ఆ కోర్టు చెప్పిందే సబబు. పేటెంటు అంటే సర్కారు ఇచ్చిన గుత్త. ఆ గుత్తకు పాత్రుడవునా కాదా అని నిలదీసే ఓపిక, డబ్బు, తెలివి ఉండేది ఎదుటి పోటీదారుకే. అతను కూడా వాటా పుచ్చుకుని నోరు మూసుకుంటే చిల్లర మిల్లుల తరఫున అడిగే నాథుడు లేడు. ఇప్పుడు మందుల కంపెనీలు పేటెంటు తగవుల్లో ఒకదానికొకటి డబ్బిచ్చుకుని రాజీ పడుతున్నాయన్న వార్తలు చదివినప్పుడల్లా నాకు ఈ నూలు కేసే మనసులో మెదులుతుంది.

గెలిచినవాళ్ల సంగతి చెప్పలేదు కదూ. డ్యూప్లాన్ 1976లోనే దివాలా పిటిషను పెట్టింది. తీర్పు వచ్చేసరికి కంపెనీ కోర్టు సంరక్షణలో ఉంది. డబుల్‌నిట్ పిచ్చి కూడా 1970ల నడిమికల్లా దిగిపోయింది. గుడ్డ గాలి పోనివ్వదు, గోరు తగిలితే పోగు లేస్తుంది, రంగులు వెగటు అని జనం మళ్లీ పత్తి వైపు తిరిగారు. బర్లింగ్టన్ వంటి పెద్ద మిల్లులకూ మిలికెన్‌కూ మధ్య నష్టపరిహారం లెక్కలు మాత్రం 1982లో కూడా అప్పీలు కోర్టు బల్ల మీదే ఉన్నాయి. ఏ నూలు కోసం కొట్లాడారో ఆ నూలుకు గిరాకీ పోయింది. పోగు మధ్యలో తిరిగే కదురు స్థానంలో పోగును రాసుకుంటూ తిరిగే బిళ్లల వరసలు వచ్చేశాయి. తగవు నడిచిన యంత్రాలు పాత ఇనుము సామానుకు చేరాయి.

పోగుకు వంకర్లు పెట్టే ఇంకో పద్ధతి గురించి ఒక్కమాట. పోగును ముందు సన్నని గొట్టంలా అల్లేస్తారు. ఆ గొట్టాన్ని ఆవిరిలో సెట్ చేస్తారు. తర్వాత అల్లికంతా విప్పేసి పోగును కోనుకు చుట్టుకుంటారు. కుట్ల ఆకారం పోగులో ఉండిపోతుంది. అల్లేది విప్పడానికే! మొదటిసారి విన్నవాళ్లు నవ్వుతారు. కానీ ఆ పోగుతో నేసిన గుడ్డ మీద ఉంగరాల నలుగు చూస్తే నవ్వు ఆగిపోతుంది.

మన దేశంలో ఈ కాలంలో ఏం జరుగుతోందో కూడా చూడాలి. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో పేటెంట్ల మీద నివేదిక ఇచ్చారు. ఇండియాలో మంజూరయ్యే పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవేననీ, వాటిలో అత్యధికం ఇక్కడ వాడుకలోకే రావడం లేదనీ ఆయన లెక్క. ఆ నివేదిక మీదనే 1970 పేటెంట్ల చట్టం తయారై 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. ఫ్లోరిడాలో కేసుల మూట విప్పుతున్న ఏడాదే అది. సాధారణ పేటెంటు గడువును మనవాళ్లు 14 ఏళ్లకు కుదించారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం తర్వాత అది 20 ఏళ్లయింది. ఇక పాలిస్టర్ నూలు మీద అప్పట్లో పన్నులు మోత మోగేవి. 1985 జౌళి విధానం పత్తీ, కృత్రిమ నూలూ కలిపి వాడుకునే దారి విశాలం చేసింది. ఆ తర్వాతే సూరత్, సిల్వాసా నుంచి లారీల్లో ఈ ఉబ్బు నూలు చిన్న ఊళ్ల షెడ్లకు చేరడం ఎక్కువైంది. అప్పటికి స్టొడార్డ్ మొదటి పేటెంట్లు చెల్లిపోయి పదేళ్లు దాటింది. నగరిలోనో పుత్తూరులోనో మరమగ్గం మీద పాలిస్టర్ బీము ఎక్కించిన మనిషి ఆ మెలికకు ఎవరికీ పైసా సుంకం కట్టలేదు, కట్టాలన్న సంగతే వినలేదు.

పుత్తూరు పేరు ఎత్తి పుత్తూరు కట్టు మాట ఎత్తకపోతే ఆ ఊరివాళ్లు ఊరుకోరు. ఎముక విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో రైలు దిగి, బస్సు దిగి వచ్చేది దానికోసమే. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ పట్టీ, వెదురు బద్దలు. ఆ పసరు సంగతి ఒక కుటుంబంలో తరాలుగా చేతి నుంచి చేతికి వచ్చింది. దానికి పేటెంటు లేదు. పేటెంటు కావాలంటే పద్ధతినంతా కాగితం మీద బయటపెట్టాలి. గడువు తీరాక అది ఊరందరిదీ అవుతుంది. స్టొడార్డ్, షావనో అలా బయటపెట్టారు కాబట్టే ఈ రోజు ఆ మెలిక సంగతి మీకూ నాకూ తెలిసింది. కట్టు మర్మం బయటికి చెప్పలేదు కాబట్టి దాని గడువూ తీరలేదు. ఇప్పుడు ఎవరైనా పెద్ద కంపెనీ వచ్చి దాని మీద పేటెంటు పట్టుకుపోతుందేమో అన్న భయం మాత్రం అక్కర్లేదు. 2002 సవరణతో మన చట్టంలో చేరిన 3(పి) నిబంధన ప్రకారం సంప్రదాయ విజ్ఞానం కొత్త ఆవిష్కరణ కిందికి రాదు.

తెలుగు నేలలో పోగు పని మీద పేటెంటు తీసుకుని పేరు తెచ్చుకున్నవాడు లేడా అంటే, ఉన్నాడు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో యంత్రం చేసి, ఆమె పేరే పెట్టాడు. పేటెంటు 2011లో వచ్చింది, పద్మశ్రీ 2017లో. యంత్రం చేయడానికీ పేటెంటు చేతికి రావడానికీ మధ్య పన్నెండేళ్లు. ఆయన కథ వచ్చే భాగంలో వివరంగా రాస్తాను.

ఈలోగా పాఠకులకు ఒక మనవి. పుత్తూరు, నారాయణవనం, నగరి, ఏకాంబరకుప్పం వైపు మీ ఇంట్లో మరమగ్గాలు నడిపిన పెద్దలుంటే, పత్తి బీము దించి మొదటిసారి పాలిస్టర్ బీము ఎక్కించింది ఏ ఏడాదో, నూలు ఏ ఊరి నుంచి వచ్చిందో, కిలో ఎంత పడిందో అడిగి రాసి పెట్టండి. పాత నూలు బిల్లులు, కోన్ల పెట్టెల మీది చీటీలు ఉంటే పారేయకండి, నకలు తీసి పత్రికకు పంపండి. అమెరికా మిల్లుల లెక్కలు కోర్టు కాగితాల్లో భద్రంగా ఉన్నాయి. మన షెడ్ల లెక్కలు మీ ఇళ్లలో తప్ప ఇంకెక్కడా లేవు.